ఈనె మందం సందు

1981 మార్చి పదకొండు, బుధవారం. ఆ పూట తిన్నది ఎండు మెత్తళ్ళు వేసిన మామిడికాయ పులుసు, కాస్త మాడిన అప్పడం. ఆ తేదీ సుందరరావుకి ఎందుకు గుర్తుండిపోయిందంటే, ఆ పొద్దున్నే కొత్తింటి ముందు హాల్లో నేలకి మొదటి బిళ్ళ పడింది. తిన్నది ఎందుకు గుర్తుండిపోయిందో మాత్రం అతనికే తెలియదు. ఆ రోజుల్లో నోట్లో ఏం పెట్టుకున్నా ఒకటే రుచి. ఉప్పు సరిపోయిందా బాబూ అని అత్తగారు ఎలీసమ్మ గుమ్మం అవతల నుంచి అడిగితే, సరిపోయిందండీ అన్నాడు. నిజానికి ఆవిడ పులుసులో ఉప్పు వెయ్యడమే మరిచిపోయింది. తర్వాత తన కంచంలో కలుపుకున్నాక ఆ సంగతి తెలిసి, ఏమీ అనకుండా ఇంత ఉప్పు నంజుకుని తినేసింది.

భార్య లీలావతి పోయి అప్పటికి ఏడు నెలలు. ఇంటి గోడలు కిటికీల మట్టానికి లేచిన రోజుల్లో కామెర్లు వచ్చి పోయింది. అమలాపురంలో కాలేజీ పిల్లలకి చరిత్ర చెప్పే సుందరరావు, అప్పటినుంచి ఇంటి విషయంలో ఎవరేం అడిగినా సరే అన్నాడు. గుమ్మాలకి టేకు దొరకలేదు, వేపకర్ర పెడదామంటే సరే. మెట్లు ఇటు కాదు, అటు కడదామంటే సరే. ఎవరైనా కాస్త జాలిగా అడిగితే ఇంకాస్త త్వరగా సరే అనేవాడు, వాళ్ళు త్వరగా వెళ్ళిపోతారని.

ఒక్క నేల సంగతే లీలావతి ముందుగా చెప్పి ఉంచింది. ఆమె నర్సు. ఆసుపత్రి వార్డుల్లో బిళ్ళకీ బిళ్ళకీ మధ్య నల్లగా పేరుకునే మురికి చూసి చూసి విసిగిన మనిషి. మన ఇంట్లో మొజాయిక్ బిళ్ళలే వేద్దాం గానీ సందులో దారం కూడా దూరకూడదు అనేది. ఆ మాట తల్లితోనూ అంది. కూతురు విడిచిపెట్టి వెళ్ళిన కోరిక అదొక్కటే అన్నట్టు ఎలీసమ్మ దాన్ని పట్టుకుంది.

ఎలీసమ్మది సముద్రం ఒడ్డున ఓడలరేవు. కూతురి జబ్బు చూడ్డానికి వచ్చి, సమాధి అయ్యాక కూడా ఆ అద్దింట్లోనే ఉండిపోయింది, అల్లుడికి ఇంత వండిపెట్టడానికి. కూతురు లేని అల్లుడింట్లో అత్త ఎన్నాళ్ళుంటుంది? ఆ మాట ఎవరూ అనలేదు, ఆవిడే అనుకుంది. కొత్తింట్లో చేరేటప్పటి ప్రతిష్ఠ ప్రార్థన అయిన సాయంత్రమే తమ్ముడి కొడుకు దానం వచ్చి తీసుకెళ్ళేట్టు కబురు పెట్టుకుంది. దానం ఇంట్లో ఉన్నది ఒక గదీ ఒక వసారా, మనుషులేమో ఇల్లు నిండా. సుందరరావుకి ఆవిడ వెళ్ళడం ఇష్టం లేదు. ఉండమంటే వంటకోసం అనుకుంటుందేమో, లేదా ముసలిదాన్ని చూసి జాలిపడ్డాడనుకుంటుందేమో. ఏ మాటతో అడగాలో తోచలేదు. చివరికి దానికీ సరేనండీ అనేశాడు.

తాపీమేస్త్రీ జోజి పని మొదలెట్టే ముందు రెండు బిళ్ళలు పక్కపక్కన పెట్టి చూపించాడు. మిషను మీద ఒత్తినవే అయినా అన్నీ ఒక్క కొలతకి రావట. సందు లేకుండా ఆనించేస్తే నాలుగు వరసలు వెళ్ళేసరికి గీత పక్కకి పోతుందనీ, అంచులు పెట్లిపోతాయనీ, ఎంతో కొంత వదిలితే అందులో తెల్ల సిమెంటూ రంగుపొడీ కలిపి నింపేస్తాననీ చెప్పాడు. ఎంతో కొంత అంటే ఎంత అంది ఎలీసమ్మ. అర్ధరూపాయి మందం అన్నాడు. కుదరదంది. పావలా అన్నాడు. అదీ కాదంది. చేపలు కొన్నంతసేపు సాగిన బేరం చివరికి కొబ్బరి ఈనె దగ్గర తెగింది. బిళ్ళల మధ్య ఈనె ముక్క పెట్టి వెయ్యడం, ఆరాక లాగెయ్యడం. ఆ ఈనెలేవో నేనే తీసిస్తాను, నీ చేతికొచ్చిన పుల్ల పెట్టకు అని ఆవిడ షరతు పెట్టింది.

పెరట్లో పడున్న పచ్చిమట్టలు రెండు లాక్కుని ఆవిడ ఆ పొద్దంతా కూచుంది. ఆకు చీరి, ఈనె గీసి, ఒక్కోదాన్ని బెత్తెడు బెత్తెడు ముక్కలు కోసి కట్టలు కట్టింది. వేళ్ళు రెండుచోట్ల తెగితే పసుపద్దుకుంది. కాలేజీ నుంచి వచ్చిన సుందరరావు ఆ కట్టలు చూసి బాగున్నాయండీ అన్నాడు.

శనివారం మధ్యాహ్నానికి హాలు పూర్తయింది. జోజి ఈనెలు లాగేశాక ముగ్గురూ నిలబడి చూశారు. గుమ్మం దగ్గర దారంలా మొదలైన సందు, కాస్త లోపలికి వచ్చేసరికి అగ్గిపుల్ల పట్టేంత అయింది. మళ్ళీ సన్నబడింది. గోడ దగ్గర మళ్ళీ బలిసింది. ఏ గీతా దాని పక్క గీతతో కలవలేదు.

“ఏంటి జోజీ ఇది? నేల వేసేవా, చేలో బోదెలు తీసేవా?” అంది ఎలీసమ్మ.

“కొంచెం తేడా వచ్చిందండి మామ్మగారూ.”

“కొంచెమా? ఇందులో చీమలు కాపరం పెట్టి మనవల్ని ఎత్తుతాయి. అడిగే మా అమ్మాయి లేదని కదా ఇలా చేసేవు. అదే ఉంటే నీ తాపీ తీసి కాలవలో పారేసేది.”

జోజి తల వంచుకున్నాడు. “పొరపాటు నాదేనండి. పగలగొట్టి మళ్ళీ వేస్తానండి.”

ఆవిడ విసురుగా వెనక్కి వెళ్ళిపోయింది. సుందరరావు కిటికీలో మిగిలిపోయిన ఈనెల కట్ట ఒకటి తీసి చూశాడు. ఈనె మొదట్లో లావు, కొసకి వెంట్రుక. ముక్కలు చేసినప్పుడు మొదళ్ళూ కొసలూ అన్నీ ఒకే కట్టలో కలిసిపోయాయి. అతను జోజి వంక చూశాడు. జోజి గోడ వంక చూశాడు. తర్వాత నీళ్ళ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ, తేడా రెండోనాడే కనిపించిందనీ, వేళ్ళకి పసుపు పెట్టుకుని మళ్ళీ కోస్తున్న మనిషికి చెప్పడానికి నోరు రాలేదనీ, రంగు నింపితే కలిసిపోతుందిలే అనుకున్నాననీ గొణిగాడు. మేస్త్రీగా తనైనా ముక్కలు ఏరుకుని పెట్టుకుంటే సరిపోయేది కదా అని తనని తానే తిట్టుకున్నాడు.

ఇద్దరూ లోపలికి వచ్చేసరికి ఎలీసమ్మ చీపురు పట్టుకుని హాల్లో ఉంది. లాగేసిన ఈనెలు బుట్టలోకి ఎత్తుతూ మధ్యలో ఆగింది. రెండు ముక్కలు అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంది. వాటిని వేలితో దొర్లించింది. ఆపైన ఆ కొత్త నేల మీదే చతికిలపడింది. అల్లుడి ముందు ఆవిడ అలా కూచోవడం అదే మొదటిసారి.

“నేను చేసిందేనండి బాబూ ఇది. అతన్ననవసరంగా అన్నాను.”

రెండు ముక్కల్లో లావుది జోజి వైపు తోసింది.

“అది అడిగింది ఇదొక్కటే. అదీ నా చేత్తోనే పాడు చేసేను. పగలగొట్టించెయ్యండి. ఈ గీతలు చూస్తూ ప్రార్థన దాకా ఉండలేను. దానాన్ని రేపే రమ్మంటాను.”

సరే అన్న మాట అలవాటుగా సుందరరావు నోటిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది.

“పగలగొట్టించనండి,” అన్నాడు.

ఆ గొంతు కొత్తగా అనిపించి జోజి తల తిప్పి చూశాడు.

“లీల సన్నసందు ఎందుకడిగిందో మీకు చెప్పిందాండి?”

“మురికి పట్టకూడదని.”

“మురికి పడితే మీరు ఊరుకోరనండి. వెనక గది మీకని కట్టించింది. మా అమ్మని తెచ్చేసుకుందాం, కానీ సందుల్లో మట్టి కనిపిస్తే పుల్ల పుచ్చుకుని గీకుతూ కూచుంటుంది, అసలే మోకాళ్ళు నొప్పులు, అంది. పునాది వేసేటప్పుడే విన్నాను నేను ఈ మాట. మీకు చెప్పాల్సింది. ఏదీ చెప్పడానికి మనసు రాలేదు.” ఈనెల కట్ట మళ్ళీ కిటికీలో పెట్టాడు. “సందు ఎలా ఉన్నా, మీరు ఉండాలనే కదండీ అది అడిగింది.”

ఎలీసమ్మ కొంగుతో ముఖం తుడుచుకోలేదు. నేలకేసి చూస్తూ కూచుంది. దగ్గర్లో ఉన్న సందులో ఇసక రేణువులు కొన్ని కనిపించినట్టున్నాయి. చేతిలో ఉన్న ఈనెముక్కతో వాటిని పైకి గీకింది. గీకుతున్నానని తెలిసి ఆపేసింది.

“అయితే ఇదీ నా పని,” అంది.

జోజికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుని దగ్గాడు. “ముదురు రంగు నింపేస్తానండి మామ్మగారూ. మట్టి ఉన్నా కనపడదు.”

“కనపడకపోతే మరీ కష్టం నాయనా. నల్లరంగు వద్దు. ఎర్రటిది వెయ్యి.”

రంగు నింపి, మిషనుతో పాలిష్ పట్టేక కూడా నేల అందంగా ఏమీ రాలేదు. సందులు కొత్తగా రాత నేర్చుకునేవాళ్ళు గీసిన గీతల్లా ఉన్నాయి. ఒకరోజు సుందరరావు చెప్పులు వదిలి హాలు దాటుతుంటే సన్నగీత ఎక్కడ లావవుతోందో అరికాలికి తెలిసింది. అతను ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచాడు. మళ్ళీ తెలిసింది.

ఏప్రిల్లో ఒక సాయంత్రం ప్రతిష్ఠ ప్రార్థన జరిగింది. పాస్టరుగారు వాక్యం చదివి, కాఫీ తాగి, వెళుతూ నేల ఏదో కొత్తరకం డిజైనులా ఉందే అన్నారు. ఎలీసమ్మ గంభీరంగా ఆయ్ అంది. దానం రిక్షా మాట్లాడుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆవిడ ఉంటానని అల్లుడితో అనలేదు, వెళతాననీ అనలేదు. ఆ నెల్లాళ్ళూ అతనూ అడగలేదు. ఇప్పుడు వరండాలో కుర్చీలు మడతపెడుతూ వింటున్నాడు.

పెట్టె ఎక్కడత్తా అని అడిగాడు దానం.

“మంచం కిందుందిరా. ఉండనీ. పొద్దుపోతే నీకు బస్సు ఉండదు, బయల్దేరు,” అంటూ పిల్లలకని పొట్లం కట్టిన గారెలు అతని చేతిలో పెట్టింది.

రిక్షా వెళ్ళిపోయింది. ఆవిడ లోపలికి వచ్చి, గిన్నెలు బోర్లించి, అన్నం ఎలా ఉందని అడగకుండా అల్లుడికి వడ్డించింది. చారులో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆ మాట సుందరరావు చెప్పాడు. అలాగా అంది ఆవిడ, మంచినీళ్ళు దగ్గరికి జరుపుతూ.

తర్వాత చిన్నదీపం పట్టుకుని హాలు మీదుగా నెమ్మదిగా నడిచి వెనక గదిలోకి వెళ్ళింది. కొత్త బందులు కిర్రుమంటాయేమోనని రెక్కని కాస్త పైకెత్తి పట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసుకుంది.