అంజూరపు పిట్టల పళ్లెం

మా మెల్హెమ్ చేత తుపాకి దింపించడానికి నాకు ఏడాది పట్టింది. వాడు మా పెద్దమ్మ కొడుకు. బెకా లోయలో తన గురి తప్పించుకున్న పిట్ట లేదని వాడే చెప్పుకుంటాడు. చంపితే ఒక పూట కూర, చూపిస్తే ఏడాదంతా అతిథులు, నీ వైన్‌కి గిరాకీ అని చెవినిల్లు కట్టుకుని పోరాను.

"సరే అక్కా, నీ మాటా చూద్దాం. వచ్చినవాళ్లు మళ్లీ వస్తామంటే నువ్వు గెలిచినట్టు. మొహం తిప్పుకుని పోయారా, మర్నాడే తుపాకి భుజానేస్తా" అన్నాడు.

వ్యాను నాది. మాటలు అటూ ఇటూ చేరవేసేదీ నేనే. వంట పెద్దమ్మది. మొదటి అతిథులు హాలండ్ నుంచి వచ్చారు. లోటె, ఆమె భర్త రైన్. ఇద్దరికీ పిట్టలంటే ప్రాణం. "మా ఊళ్లో వేట మానేశారు" అని వ్యానులో గొప్పగా చెప్పాను. పొద్దున అమ్మీక్ మడుగు చుట్టూ తిరిగాం. తర్వాత మెల్హెమ్ వాళ్ల నేలమాళిగలో పీపా విప్పాడు. రైన్ మూడో గ్లాసు అడిగేసరికి మావాడి మీసం దానంతటదే పైకి లేచింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అంతా బాగానే ఉంది. కిబ్బెలని మేం చేసే మాంసపు ఉండలు ఖాళీ అయ్యాయి, లబ్నె గడ్డపెరుగు గిన్నె రొట్టెతో తుడిచేశారు. అప్పుడు పెద్దమ్మ వంటింట్లోంచి గుడ్డ కప్పిన పళ్లెం రెండు చేతులతో పట్టుకొచ్చి లోటె ముందు పెట్టి గుడ్డ తీసింది. నల్లటి దానిమ్మ పాకంలో బుల్లి బుల్లి అంజూరపు పిట్టలు, వరసగా.

"నా వంటల్లో దీని తర్వాతే ఏదైనా. తినమను" అంది.

 లోటె ఆ పళ్లెం వైపు, మెల్హెమ్ వైపు, చివరికి నా వైపు చూసింది. నాకు తలెత్తాలనిపించలేదు.

"ఎక్కడివే అమ్మా ఇవి?" అన్నాడు మెల్హెమ్ పళ్లు బిగించి.

"నిరుటివేరా. నీ పెళ్లికని ఫ్రీజర్లో దాచా. నీ పెళ్లెప్పుడో ఆ దేవుడికే ఎరుక. ఇంత దూరం నుంచి వచ్చినవాళ్లకి కోడి వండి పెట్టమంటావా?"

ఆవిడ తప్పేముంది? మా ఇంట్లో దాచుకున్నదే అతిథికి పెడతాం. వీళ్లు పిట్టల్ని తినరని ఆవిడకి ముందే చెప్పాలని నాకే తట్టలేదు. నిరుటివేనని లోటెకి చెప్పాను గానీ, నమ్మినట్టు లేదు. ఆకలి లేదంది. మర్నాటి మడుగు షికారు వద్దని, పొద్దున్నే బేరూత్ వెళ్లిపోతామని రైన్ మర్యాదగానే చెప్పాడు. పళ్లెం నిండుగా వెనక్కి వెళ్లింది. ఆ ఇంట్లో అలా ఎన్నడూ జరగలేదు. పెద్దమ్మ వంటింట్లో కళ్లొత్తుకుంది. మెల్హెమ్ మేకుకి తగిలించిన తుపాకి తీసి, వరండాలో కూర్చుని నూనె గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. 

పొద్దున వ్యాను తీసేసరికి, చర్చికి వేసుకునే నల్లకోటుతో పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది.

"దారిలో మడుగు దగ్గర ఆపు. నా పళ్లెం కాదనేంతగా ఆ పిట్టల్లో ఏముందో నేనూ చూస్తా. ఒరేయ్, నువ్వూ ఎక్కు!"

నేను ఆ మాటలు ఉన్నవున్నట్టు చెప్పేశాను. లోటె తెల్లబోయింది, తర్వాత ఫక్కున నవ్వింది. మడుగు దగ్గర దిగాక తన బైనాక్యులర్స్ తీసి పెద్దమ్మ మెడలో వేసింది.

గట్టు మీద అంజూరపు చెట్టుంది. పెద్దమ్మకి ఆకులు తప్ప ఏమీ కనపడలేదు. మూతి ముడుచుకుని నిలబడ్డ మెల్హెమ్ ఇక ఉండబట్టలేక, వచ్చి తల్లి భుజాలు పట్టుకుని తిప్పాడు.

"అదిగో, ఆ ఎండు కొమ్మ పక్కన, పండు మీద."

"ఏదిరా? ఆ... ఆ... అయ్యో, దీనికి టోపీ ఉందే!"

బూడిదరంగు పిట్ట, నెత్తిన నల్లటి టోపీ. మాగిన పండుని పొడుచుకు తింటోంది.

"నలభై ఏళ్ల నుంచి వండుతున్నా. మీ నాన్నా నువ్వూ ఈకలు పీకేసి తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్లు. టోపీ ఉందని ఒక్కళ్లైనా చెప్పారా?" ఆవిడ బైనాక్యులర్స్ కళ్ల నుంచి దించలేదు. "ఉష్, కదలకండి. తిననివ్వండి దాన్ని."

నేను చెప్పింది విని లోటె పెద్దమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ రోజు ఎవరూ బేరూత్ వెళ్లలేదు. మధ్యాహ్నం పెద్దమ్మ కోడి కార్జాలు అదే దానిమ్మ పాకంలో వండితే లోటె పళ్లెం నాకినంత పని చేసింది. వసంతంలో కొంగలు వచ్చినప్పుడు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వస్తామన్నారు. కొంగలు ఎక్కడ దిగుతాయో తను చూపిస్తానని మెల్హెమ్ చేతులు రెక్కల్లా ఊపుతూ రైన్‌కి చెప్పాడు.

వాళ్లు వెళ్లాక పెద్దమ్మ మొన్నటి పళ్లెం బయటికి తీసింది. ఆ ఇంట్లో తిండి పారేయరు. మెల్హెమ్ ఒకటి తిని, రెండోది చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడు. పెద్దమ్మ రొట్టెముక్క అంచుని పాకంలో అద్దుకుంది తప్ప పిట్టని ముట్టలేదు.

మెల్హెమ్ లేచి తుపాకిని గోనెగుడ్డలో చుట్టి, నేలమాళిగలో పీపాల వెనక పెట్టి వచ్చాడు.

"మరి నా పెళ్లికేం వండుతావే అమ్మా?"

"ముందు పిల్లని చూసుకోరా. కోళ్లకేం కొదవ!" అంది పెద్దమ్మ.