పిడుదు కొక్కెం

మా ఆయన చెన్నప్పకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలు పొంగితే ఎవరి కళ్లు పడ్డాయంటాడు, పొంగకపోతే ఎవరు నీళ్లు కలిపారంటాడు. ఇక పండగ దగ్గర పడితే ఆయన్ను పట్టలేం. పండగంటే మా వైపు ఎద్దులు విడిచే పండగ. వీధికి రెండు పక్కలా జనం నిలబడతారు, మధ్యలో ఒక్కో ఎద్దునే విడుస్తారు. వీధి చివర గీసిన గీత దాకా ఏది తొందరగా పరిగెడితే దానికి బహుమానం. పండగకు దించే ఎద్దుకు మా ఊరు అత్తిముగంలో ఒక కట్టడి ఉంది. ఆ నెలంతా ఒకే చెయ్యి దానికి మేత వెయ్యాలి, ఇంకో చెయ్యి దాని మీద పడకూడదు. మా ఎద్దు కరియకు ఆ చెయ్యి మా ఆయనది. ఉలవలు ఉడకబెట్టి ఇచ్చేది మాత్రం నేను.

కరియ నా తమ్ముడు మాదేశ్ పెంచిన దూడ. తల్లి చచ్చిపోతే మా పుట్టింటి ఊరు కెలవరపల్లిలో వాడే సీసాతో పాలు పట్టి బతికించి మాకిచ్చాడు. పోయినేడు పండగలో అది దుమ్ము రేపుకుంటూ పోయి పోయి, సగం వీధిలో టక్కున ఆగిపోయింది. ఆగిన చోట జనంలో మాదేశ్ ఉన్నాడు. వాడు దాని మెడ కింద గోకాడు. అంతే! బామ్మర్ది ఏదో చల్లి ఎద్దును నిలిపేశాడని మా ఆయన నడివీధిలో నోరు పారేసుకున్నాడు. ఆ రోజు నుంచి మాదేశ్ మా గడప తొక్కలేదు, నేను పుట్టింటి మొహం చూడలేదు. మా అమ్మకు ఒంట్లో బాగాలేదని తెలిసినా పోనివ్వలేదు ఈ మహానుభావుడు.

ఈ ఏడు కరియ చెవుల్లో పిడుదులు పట్టాయి. రక్తం తాగి తాగి నానిన సెనగల్లా ఉబ్బాయి. ఎద్దు ఒకటే తల విదిలించడం, ముక్కుకు వేసిన మూగుతాడు తాకనివ్వదు. ఇట్లా ఉంటే వీధిలోకి ఎలా దించేది? మా ఆయన కిరసనాయిలు పూశాడు, బీడీ ముట్టించి కొనతో చురక పెట్టాడు. పిడుదు ఊడేది గానీ దాని మూతి చర్మంలోనే ఉండిపోయి చీము పట్టేది. చూడలేక నేనే తమ్ముడికి కబురు చేశాను.

ఆదివారం మాదేశ్ వచ్చాడు. హోసూరు ఫ్యాక్టరీలో వాడిది రేకు కోసే పని. మా ఆయన వాణ్ని వాకిటి ముళ్లకంప దాటనివ్వలేదు. వాడు అవతలే నిలబడి జేబులోంచి వేలెడంత ఉక్కు రేకు తీశాడు. కొన కాస్త వంచి ఉంది, వంపులో సన్నగా చీలిన సందు ఉంది.

"బావా, పశువుల డాక్టరు కాడ ప్లాస్టిక్‌ది చూసి ఈ కొక్కెం చేసినాను. దీన్ని చర్మానికి ఆనించి, పిడుదు మూతి కాడికి ఈ సందును జరిపి, మెల్లగా పైకి లేపల్ల. పొట్ట నొక్కద్దు. నూనె వద్దు, నిప్పు అసలే వద్దు. వేడి తగిల్తే అది కడుపులోదంతా లోపలికే కక్కుతుంది. మనుషులకు పట్టినా ఇదే పని."

మా ఆయన కొక్కెం వైపు చూడనే లేదు. వాడి చేతుల వైపే చూస్తున్నాడు. "నా ఎద్దు చెవుల్లో పిడుదులుండేది నీకెట్ట తెలిసె?" అన్నాడు.

"నేనే చెప్పి పంపినాను. ఏమిప్పుడు?" అన్నాను.

ఆ మాటతో ఆయన చూపు నా మీదికి మళ్లింది. కొక్కేన్ని తువ్వాలు కొనతో పట్టుకుని, వాసన చూసి, లోపలికి పోయాడు. తమ్ముడు మంచినీళ్లు కూడా తాగకుండా వెనక్కి తిరిగాడు.

లోపల ఈయన ఏం చేశాడు? ఏం పూసి తెచ్చాడో అని కొక్కేన్ని బూడిదతో తోమాడు, పసుపు నీళ్లలో కడిగాడు. అదీ చాలక పొయ్యిలో దోపాడు. మాదేశ్ చెప్పింది చెవికెక్కితే కదా! అది కాలుతుండగానే తీసుకుపోయి కరియ చెవిలో పెట్టాడు. ఎద్దు ఒక్క విసురు విసిరితే మనిషి మేత గాడి పక్కన పడ్డాడు. తెల్లారేసరికి దాని చెవి బూరెలా వాచింది.

"చూస్తివా నీ తమ్ముని పని!"

"కాల్చింది నువ్వు! వద్దని చెప్పింది వాడు!"

వినిపించుకోలేదు. కొక్కేన్ని పేడదిబ్బ మీదికి విసిరేశాడు. కొట్టానికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. నేను పొయ్యి మీద పెట్టిన ఉలవల కుండను దించి, "ఇంకమీద నేనే ఉడకేసుకుంటాలే" అన్నాడు.

తమ్ముణ్ని అన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు అనుమానం నా మీదే. నేను ఎద్దుకు మందు పెడతానా? ఛీ, ఏం బతుకు! ఆ వాపు తగ్గకపోతే తప్పంతా మాదేశ్ నెత్తినే పడుతుంది, ఇక పుట్టిల్లు నాకు లేనట్టే. దిబ్బ మీద కొక్కేన్ని వెతికి తీసి, కడిగి, పోపుల డబ్బాలో దాచాను. నల్లబడింది గానీ సందు చెడలేదు.

ఎవరో వస్తారని ఆయన కొట్టంలోనే పడుకోవడం మొదలుపెట్టాడు. ఎవరొస్తారు, పిడుదులు తప్ప? నాలుగు రోజులు తిరక్కముందే వీపు దురదన్నాడు. స్తంభానికి రుద్దుకున్నాడు, చీపురు పుల్లతో గీరుకున్నాడు. చివరికి చొక్కా విప్పుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమో ఉండాది చూడు."

రెక్కల నడుమ పిడుదు, బాగా బలిసి ఉంది. చెయ్యి అందని చోటే చూసుకుని పట్టింది ముండది.

"బీడీ ముట్టించి ఇస్తా, చురక పెట్టు," అన్నాడు.

"పెట్టను." డబ్బాలోంచి కొక్కెం తీశాను. "దీంతో అయితే తీస్తా."

ఆయన గభాల్న పక్కకు జరిగాడు. "అది నీ తమ్ముడు తెచ్చింది గదా!"

అప్పుడు నాకు ఎక్కడలేని మంటా వచ్చింది. "అవును, మా ఇంటిదే! కరియా ఆ ఇంటిదే. నేనూ ఆ ఇంటిదాన్నే. ఇన్నేండ్లుగా నా చేతి కూడు తింటివి, ఏమన్నా అయిందా నీకు? నమ్మితే ఈడ కూర్చో. లేకుంటే దాన్ని అట్నే సాక్కో, పో!"

కొక్కేన్ని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత పీట లాక్కుని, నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. చల్లటి కొక్కేన్ని చర్మానికి ఆనించి, సందులోకి పిడుదును జరిపి, తమ్ముడు చెప్పినట్టే మెల్లగా లేపాను. వచ్చేసింది. అరచేతిలో పెట్టి చూపిస్తే దగ్గరికి తెచ్చుకుని చూశాడు. మూతితో సహా ఉంది, కాళ్లాడిస్తోంది.

"నొప్పే తెలీలేదే," అన్నాడు. ఆ చోట డెట్టాల్ పూశాను. ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి పొయ్యి గట్టు మీద పెట్టాడు.

మర్నాడు ఆయనే కబురు పంపితే మాదేశ్ డాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. సూదేస్తే వారంలో వాపు తగ్గుతుందన్నాడు డాక్టరు. ఇంకో చెయ్యి పడకూడదన్న కట్టడి ఊసే మా ఆయన ఎత్తలేదు. రెండో చెవిలోవన్నీ మాదేశ్ కొక్కెంతో ఒక్కొక్కటే తీసి నిప్పుల్లో వేశాడు. వాడు మెడ గోకుతుంటే కరియ కళ్లు మూసుకుని నిలబడింది. మూగుతాడు పట్టుకుని మా ఆయన వాడి వేళ్లనే చూస్తున్నాడు. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

వాడు చేతులు కడుక్కుంటుంటే మా ఆయన మెల్లగా అన్నాడు. "మాదేశా, పండగకు రాప్పా. ఈ తడవ నడాన నిలబడద్దు, గీతకవతల నిలబడు. నువ్వుండే కాడికి వచ్చేదాకా అది యాడా ఆగదు."

నేను గిన్నెలు కింద పెట్టాను. "అంటే పోయినేడు అది ఎందుకాగిందో నీకు తెలుసునా?"

ఆయన తలెత్తలేదు. "ఆపొద్దే తెలుసు. జనం ముందర అరిచేసినాను గదా, ఇంక యాడ వెనక్కి తీసుకునేది?"

ఏడాది! కొంగుతో కళ్లు తుడుచుకుని, చెప్పులేసుకుని, అమ్మను చూడటానికి తమ్ముడి వెంట కెలవరపల్లికి బయలుదేరాను. ఉలవలు మాత్రం ఆయన్నే ఉడకబెట్టుకోమన్నాను.