మూడో ప్లగ్గు

రామకోటేశ్వరరావు మాస్టారు ముప్పై నాలుగేళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. పటమటలో ఇల్లు. వాళ్ళ నాన్నగారు కొన్న పాత పెట్రోలు ట్రక్కును ఎవరెంత చెప్పినా అమ్మలేదు. "ఇంజనంటే ఫిజిక్సే కదా, నాకు తెలీనిదేముంది!" అనేవారు.

ఆ ఆదివారం హనుమాన్ జంక్షన్లో మేనకోడలు శ్రీదుర్గ గృహప్రవేశం. పది అరటి గెలలు వెనక వేసి, పైన టార్పాలిన్ కప్పి, భార్య ఛాయాదేవితో పొద్దున్నే బయల్దేరారు. గన్నవరం దాటగానే బండి ఎక్కిళ్ళు పెట్టడం మొదలెట్టింది.

"మిస్సింగ్ కొడుతోంది," అన్నారు మాస్టారు.

"ముహూర్తం కూడా మిస్సయ్యేట్టుంది," అంది ఛాయాదేవి.

రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తారు. నాలుగు వైర్లూ ఒక్కసారే పీకి, ప్లగ్గులు విప్పి రుమాలు మీద పేర్చారు. మూడు ఇటుకరంగులో ఉన్నాయి. మూడో నంబరుది మాత్రం నల్లగా, పెట్రోలుతో తడిసిపోయి ఉంది.

"చూశావా ఛాయా? దొంగ దొరికాడు!"

సీటు కింద ఉన్న కొత్త ప్లగ్గు తీసి బిగించారు. ఏ వైరు ఎక్కడిదో గుర్తు పెట్టుకోలేదన్న సంగతి తగిలించేటప్పుడు తెలిసొచ్చింది. పక్కన భార్య చూస్తోంది. ఇక చేసేదిలేక తోచిన చోటల్లా ధైర్యంగా తగిలించేశారు.

తాళం తిప్పారు. సైలెన్సర్లోంచి 'ఢాం' అని పేలింది. పక్కనున్న టీ కొట్టు దగ్గర ఒకాయన గ్లాసు వదిలేశాడు. మళ్ళీ తిప్పారు. మళ్ళీ ఢాం.

"పెళ్ళెవరిదండీ?" అని కేకేశాడు కొట్టతను.

ఆ చప్పుడికి పక్క షెడ్డులోంచి మెకానిక్ సొలొమోను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఒక్క చూపు చూశాడు.

"వైర్లన్నీ ఒకేసారి పీకారా సార్?"

"శుభ్రం చేద్దామని..."

"ఒకటి పీకి, అది పెట్టాక ఇంకోటి పీకాలండి. లేకపోతే వరస తప్పుద్ది."

వరస సరిచేశాడు. పేలుళ్ళు ఆగాయి గానీ ఎక్కిళ్ళు ఆగలేదు. ఇంజను నడుస్తుండగా, రబ్బరు పిడి పటకారుతో ఒక్కో వైరూ తీసి పెట్టాడు. మిగతావి తీసినప్పుడల్లా ఇంజను ఇంకా కుంటింది. మూడోది తీసినా చప్పుడులో తేడా లేదు.

"ప్లగ్గు కొత్తదేనయ్యా!" అన్నారు మాస్టారు.

"అందుకేనండి, తప్పు వైరుది. తేలాలంటే చీకటి కావాలి."

తొమ్మిది గంటల ఎండ కళ్ళు చీల్చేస్తోంది. ఛాయాదేవి గెలల మీది టార్పాలిన్ లాగి ఇచ్చింది. మగాళ్ళిద్దరూ బానెట్ మీద అది కప్పుకుని లోపల దూరారు. ఆవిడ స్టార్ట్ చేసింది. సొలొమోను వైర్ల మీద సన్నగా నీళ్ళు జల్లాడు. మూడో వైరు నుంచి పక్క ఇనుముకి చిటపటమని నీలం నిప్పురవ్వలు దూకాయి.

"అదిగో!" అని మాస్టారు ఆనందంగా వేలు పెట్టి చూపించారు. వేలు మరీ దగ్గరగా పెట్టారు.

టార్పాలిన్ ఎగిరిపడింది. "బాబోయ్!" అంటూ మాస్టారు టీ కొట్టు దాకా వెళ్ళి ఆగారు.

"పర్లేదు సార్, ఓ నిమిషం కూర్చోండి," అంటూ వెనకే వచ్చాడు సొలొమోను. "మాస్టారిలా ఉన్నారు, ఏం చెప్పేవారండీ?"

మాస్టారు షాకు తిన్న వేలు వంక చూసుకున్నారు.

"తెలుగు."

స్టీరింగు ముందు కూర్చున్న ఛాయాదేవి మొహం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"అయ్యో, ఫిజిక్స్ అయితే బాగుండేదండి," అన్నాడు సొలొమోను. "మా అమ్మాయి ఇంటరు. అదేదో ఇండక్షనంట, బుర్రకెక్కట్లేదని ఏడుస్తోంది."

షెడ్డు నుంచి వైరు తెచ్చి బిగించేదాకా మాస్టారు ఓర్చుకున్నారు. ఇంజను జోరీగలా మోగింది. ఇక ఆయన వల్ల కాలేదు.

"ఎక్కడ ఎక్కట్లేదటయ్యా? ఇదిగో ఈ కాయిల్ చూడు, ఇందులో జరిగేదే అది..." అంటూ బానెట్ దుమ్ములో వేలితో చుట్లు గీసి పదిహేను నిమిషాలు చెప్పారు. సొలొమోను నోరు తెరిచి విన్నాడు.

"తెలుగు మాస్టారికి ఇవన్నీ ఎట్టా తెలుసండీ?"

"ఆయన ఫిజిక్సునే తెలుగులో చెప్పేవారు బాబూ," అంది ఛాయాదేవి.

మాస్టారు తల వంచుకుని నవ్వేశారు. ఆదివారాలు అమ్మాయిని పటమట పంపమన్నారు.

హనుమాన్ జంక్షన్ చేరేసరికి పాలు పొంగడం, అందరూ తాగేయడం కూడా అయిపోయింది. "ఇంత ఆలస్యమేంటత్తా?" అని శ్రీదుర్గ అడిగింది. ఛాయాదేవి కొంగు సర్దుకుని, తీరిగ్గా కుర్చీ లాక్కుని కూర్చుంది. మాస్టారు గబగబా గెలలు దించడానికి వెళ్ళిపోయారు.