చెవికి మాత్రమే వినిపించే బటన్

క్లెతోని తెచ్చిన రోజే నదిలో తోసేద్దామనుకున్నారు.

సరిహద్దు నది ఒడ్డున, ముళ్ళకంచె వెనక, ఎర్ర పైకప్పుల భవనాలు. ఆఫీసు ఉద్యోగమని నమ్మించి నన్ను తెచ్చింది అక్కడికే. క్లెతో వ్యాన్ దిగేటప్పటికి నేను అక్కడ బందీగా మగ్గుతున్నాను. అతని చేతిలో తెల్లకర్ర చూడగానే యజమాని సెంగ్ ముఖం మాడిపోయింది.

"కంప్యూటర్ పని వచ్చినోణ్ణి తెమ్మంటే గుడ్డోణ్ణి తెస్తావురా?" అని ముందు ఏజెంటునే కొట్టాడు. వాడి పన్ను ఊడి మెట్ల మీద పడింది. తర్వాత కాపలావాడు బోరా ఆ తెల్లకర్రను మోకాలికేసి విరిచి, విరిగిన ముక్కతో క్లెతో వీపు మీద బాదాడు.

క్లెతో నేల మీద నుంచి లేచి, నోట్లో రక్తం ఉమ్మేసి అన్నాడు: "ఫోన్లో మాట్లాడినప్పుడు మీరు అడగలేదు, నేను దాచలేదు. ఒక కంప్యూటరూ, చెవుల్లో పెట్టుకునేవీ ఇవ్వండి. మీక్కావలసిన యాప్ తెర తయారు చేస్తా."

"గుడ్డోడు బొమ్మ గీస్తాడంటరోయ్!" అని బోరా పగలబడి నవ్వాడు. సెంగ్ మాత్రం నవ్వలేదు. తన దగ్గర తెరలు చేసే మనిషి ముందురోజే కంచె దాటి పారిపోయాడు. ఎవరో ఒకరు కావాలి.

అక్కడ నడిచేది దొంగ వ్యాపారం. ఒంటరివాళ్ళతో ఫోన్లో తీయగా మాట్లాడి, పెట్టుబడి పేరుతో ఒక యాప్‌లో డబ్బు వేయించడం. ఆ మాటలు రాయడం నాలాంటి వాళ్ళ పని. ఆ యాప్ తెరలు నిజం బ్యాంకువాటిలా కనిపించాలి. అది క్లెతో పని.

అతన్ని నా పక్క బల్ల దగ్గర కూలదోశారు. నేను దాహంగా ఉందా అని అడిగానంతే.

"యాస మనదే. ఇలోయిలోనా, ఇందాయ్?" అన్నాడు.

ఇలోయిలో మా దీవిలో రేవు పట్నం; మా వైపు ఆడపిల్లను ఇందాయ్ అనే పిలుస్తారు. "పక్కనే, పావియా. నా పేరు డివినా, మానోంగ్," అన్నాను. సొంత అన్ననైనా, పెద్దవాణ్ణయినా మేం పిలిచే పిలుపు అది.

అతని వేళ్ళు టకటకా ఆడుతుంటే, చెవిలో కంప్యూటర్ గొంతు నాకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా చదివి వినిపించేది. నాకు ఆశ్చర్యం ఆగలేదు. చూడకుండా ఎలా మానోంగ్ అన్నాను.

"నీకు తెర బొమ్మ. నాకు లెక్క. ఈ పెట్టె ఎక్కడ మొదలవ్వాలి, ఎంత వెడల్పు ఉండాలి, పక్కదానికి ఎంత ఎడం ఉండాలి, అన్నీ నేనే రాస్తా. ఒకదాని మీద ఇంకోటి ఎక్కితే చెప్పమని ఇంకో చిన్న ప్రోగ్రాం రాసుకుంటా. నేను కట్టిన ఇంట్లో గుమ్మం ఎక్కడుందో నాకు తెలీదా?"

"మరి రంగులు?"

"ప్రతి రంగుకీ ఒక అంకె ఉంటుంది. అక్షరం అంకె, వెనకున్న అంకె బాగా దూరంగా ఉంటే ముసలి కళ్ళకైనా కనిపిస్తుంది. చిన్నప్పుడు తట్టు పోసి చూపు పోయింది. మామిడిపండు పసుపొక్కటే గుర్తు. అందుకే పసుపు దగ్గర కాస్త జాగ్రత్తగా ఉంటా, మోజు పడి ఎక్కువ పూసేస్తానని."

అతను చేసిన తెర చూశాక సెంగ్ నమ్మలేదు. నేనే గీసిపెట్టానని అనుకున్నాడు. నన్ను పక్క గదిలోకి ఈడ్చుకెళ్ళారు. బోరా కరెంటు కర్ర మెడకి ఆనించాడు. ఒళ్ళంతా కొయ్యబారి కింద పడ్డాను. ఈలోపు తెర వైరు పీకేసి, క్లెతోని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ఇంకో తెర చెయ్యమన్నారు. వైరు మళ్ళీ పెట్టేసరికి అంతా పొందిగ్గా, గీత చెదరకుండా ఉంది. సెంగ్ అతని బుగ్గ మీద తట్టాడు, కుక్కని తట్టినట్టు. అలా బతికిపోయాం.

కొన్నాళ్ళకి వీరో అనే జావా దీవి కుర్రాడు ఇంటికి పోతానని ఎదురు తిరిగాడు. మిట్టమధ్యాహ్నం మమ్మల్నందర్నీ వాకిట్లో వరసగా నిలబెట్టి వాణ్ణి ఇనుప గొట్టంతో కొట్టారు. "వీడికెలాగూ కనపడదు, ముందు నిలబెట్టండి," అన్నాడు బోరా, క్లెతోని ముందుకు తోస్తూ. ఎముక విరిగిన ప్రతి చప్పుడూ క్లెతో విన్నాడు. వీరో అమ్మని పిలవడం విన్నాడు. ఆ పిలుపు ఆగిపోవడమూ విన్నాడు.

"మీరు కళ్ళు మూసుకుని ఉంటారు. చెవులు మూసుకుందామంటే నా చేతులు పట్టుకున్నారు, ఇందాయ్," అన్నాడు తర్వాత. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

మర్నాడు పని చేస్తూనే, తల తిప్పకుండా, మా భాషలో అన్నాడు: "నీతో మాట్లాడేవాళ్ళలో చూపు లేనివాళ్ళుంటే యాప్ వాళ్ళకి పంపు. మాలాంటివాళ్ళ ఫోన్ తెరని చదివి వినిపిస్తుంది. బటన్ మీద కంటికొక మాట, చెవికొక మాట రాయొచ్చు. రాశాను."

"తెలిస్తే చంపేస్తారు మానోంగ్."

"వీరో గురించి ఏం తెలిసిందని చంపారు?"

పెనాంగ్ దీవిలో మసాజ్ పని చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. చూపు లేదు, భార్య పోయింది. కబుర్లన్నీ గొంతు రికార్డు చేసే పంపేవాడు. ఆయనకి యాప్ పంపాను. జవాబు వచ్చింది. విందామని నొక్కాను. చెవుల్లోది సరిగా తగిలించుకోలేదు. గొంతు బయటికి వచ్చేసింది.

"అమ్మా, మీ బటన్ ఏదో చెబుతోంది. మీరు నిజంగా బందీలా?"

బోరా నా వెనకే ఉన్నాడు. జుట్టు పట్టి నా ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. "ఏ బటనే? ఏం రాశావే?" సెంగ్ పరిగెత్తుకొచ్చి యాప్ తెరిచాడు. 'డబ్బు జమ చేయండి' అని తప్ప ఏమీ లేదు. ఫోను అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ నన్ను కొట్టారు. నా అరుపులు విని క్లెతో పక్క బల్ల దగ్గర్నుంచి తడుముకుంటూ వచ్చాడు.

"దాన్ని వదలండి. నేను రాశాను."

"చూపించరా!"

"నీకు కనపడదు. ఫోన్‌ని చదవమను."

ఎవరో ఫోను చదివి వినిపించే మీట వేశారు. సెంగ్ వేలు బటన్‌కి తగిలింది. అతని అరచేతిలోంచి ఫోను గట్టిగా చదివింది: "డబ్బు వేయకండి. ఇది మోసం. మమ్మల్ని బంధించి కొడుతున్నారు. సరిహద్దు నది, ఎర్ర పైకప్పులు. పోలీసులకు చెప్పండి."

హాలు మొత్తం వింది.

"వీడి కళ్ళు చెవుల్లో ఉన్నాయి. పీకెయ్," అన్నాడు సెంగ్.

బోరా రెండు అరచేతులతో క్లెతో చెవుల మీద చరిచాడు, పదేపదే. ఎడమ చెవిలోంచి రక్తం కారింది. వేళ్ళు బల్ల మీద పరిచి గొట్టంతో కొట్టాడు. క్లెతో అరుస్తూనే వాడి మణికట్టు పళ్ళతో పట్టి, వదల్లేదు. నేను కంప్యూటర్ తెర ఎత్తి బోరా తల మీద వేశాను. ఎలా ఎత్తానో తెలియదు. అంతే, కుర్చీలు లేచాయి. అప్పటిదాకా తలెత్తనివాళ్ళు అందినదల్లా విసిరారు. కాపలావాళ్ళు కాల్పులు మొదలుపెట్టాక అణిగిపోయాం. ఇద్దరు లేవలేదు. క్లెతోని, నన్ను ఒకే గదిలో గొలుసులతో కట్టేశారు.

అక్కడ పెనాంగ్‌లో పెద్దాయన స్టేషన్‌కి వెళ్తే, బటన్ మాట్లాడటమేంటని నవ్వారట. కదలనని బెంచీ మీద కూర్చున్నాడట. తనలాంటివాళ్ళని పిలిచాడు. తెల్లకర్రలతో స్టేషన్ నిండిపోయాక గానీ ఎవరూ ఆ ఫోను వినలేదు. రాయబార కార్యాలయాలు కదిలాయి. ఒక ఉదయం సైనికుల లారీలు కంచె తొక్కుకుంటూ వచ్చాయి. బోరా దొరికాడు. సెంగ్ పడవలో నది దాటిపోయాడు. ఈరోజుకీ దొరకలేదు.

క్లెతో ఎడమ చెవి తిరిగి రాలేదు. కుడి చేతి రెండు వేళ్ళు వంగవు. ఇప్పుడు ఇలోయిలోలో పడవ టికెట్ల యాప్‌కి తెరలు చేస్తున్నాడు, మునుపటికంటే నెమ్మదిగా. మొన్న రేవులో ఒకతను సాయం చేద్దామని ఎడమవైపు నుంచి భుజం పట్టుకుంటే, తిరిగి మోచేత్తో కొట్టాడు. పాపం, అతని ముక్కు పగిలింది. క్లెతో క్షమించమని బతిమాలి, నా చెయ్యి పట్టుకుని అతనితోపాటే ఆసుపత్రికి వచ్చాడు.

"ఆ పక్క ఎవరున్నా నాకు బోరాయే, ఇందాయ్," అన్నాడు బెంచీ మీద కూర్చుని. "వినపడదు కదా."

నేను లేచి వెళ్ళి అతని ఎడమవైపు కూర్చున్నాను. ముందు చెప్పి మరీ కూర్చున్నాను.