ముద్ర పడని బేస్ గిటార్

ఉలికి చందనం పూశారు. సుత్తికి కుంకుమ పెట్టారు. రంపానికి ఒక పగలంతా సెలవిచ్చి పట్టుగుడ్డ కప్పారు. ఏడాది పొడవునా వాటిని ఆడించే చేతుల్ని మాత్రం తెల్లారకముందే వంటింట్లోకి తోశారు. ఎవరు చేశారీ పని? కే.జీ.కండిగై ఊళ్ళో లోకనాథం చేశాడు. అతని తల్లి తిరుమలమ్మ పక్కన నిలబడి హారతి పట్టింది. మమ్మల్ని అనలేదు కదా అని మిగతా మగమహారాజులు ఊపిరి పీల్చుకోనక్కరలేదు. ఆయుధ పూజ నాడు మీ ఇంట్లో సుండల్ గుగ్గిళ్ళకి సెనగలు ఉడకేసింది ఎవరో మీకూ తెలుసు.

లోకనాథం ఇంట్లో ఉడకేసింది అతని భార్య సుగంధి. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు దాకా ‘లోకనాథం గిటార్స్’ అంటే తెలియని బ్యాండువాళ్ళు లేరు. చేత్తో చేసిన బేస్ గిటార్లు. లావుపాటి నాలుగు తీగలు, పాట కింద నేలలా పరుచుకునే గొంతు. తిరుమలమ్మ చెవికి మాత్రం అది ఈనబోయే గేదె మూలుగు. పనస చెక్కను వేలితో తట్టి ఎంచేది సుగంధి. ఒళ్ళు చెక్కేది, టేకు మెడ అతికేది, తీగలు బిగించి శ్రుతి చూసేదీ సుగంధే. లోకనాథం చేసేది ఒకటే. అంతా అయ్యాక, తన పేరున్న ఇత్తడి ముద్రను పొయ్యి మీద కాల్చి గిటార్ తల మీద ఒత్తుతాడు. ఒత్తి, నడుం పట్టుకుని, పనంటే ఇదీ అని మూలుగుతాడు.

వాళ్ళది నేతగాళ్ళ కుటుంబం. మగ్గాలు ఆగిపోయాక లోకనాథం చెక్క సామాన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. పదకొండేళ్ళ కిందట ఎవరో విరిగిన బేస్ గిటార్ తెచ్చిపడేస్తే, ఇది మనవల్ల కాదని మూల పెట్టేశాడు. సుగంధి దాన్ని విప్పింది. తీగ అదురును కరెంటుగా మార్చే రాగి చుట్ట లోపల తెగి ఉంది. వెంట్రుక కన్నా సన్నని తీగ, ఎనిమిది వేల చుట్లు. పెళ్ళైన నాటి నుంచి అత్త రాట్నం మీద నూలు కండెలు చుట్టిన వేళ్ళకు అదొక లెక్కా? అదే రాట్నం మీద చుట్టింది. మూడుసార్లు తెగింది, నాలుగోసారి పలికింది. ఆ రోజు ఆమె కడుపులో ఏదో గుమ్మని మోగింది, ఇద్దరు బిడ్డలు కదిలినప్పుడు కూడా అలా మోగలేదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు, తల్లన్నాక అనకూడదంటారు కనుక. అప్పటి నుంచి చేస్తూనే ఉంది. ఆమె లోపల చెక్క నున్న చేస్తుంటే, బయట కొట్టులో లోకనాథం కొనేవాళ్ళతో “మా ఆడది గూడా అంతో ఇంతో సాయం చేస్తాది” అనడం వినపడేది. అంతో ఇంతో! చెయ్యి అక్కడే ఆగేది. మళ్ళీ కదిలేది, ఎందుకంటే చెక్క ఏ తప్పూ చేయలేదు. ముద్ర పొగ లేచినప్పుడల్లా ఆమె పెరట్లోకి పోయి అవసరం లేని గిన్నెలు తోమేది.

ఈసారిది తిరువళ్ళూరు కేశవన్ కోసం చేసింది. ముప్పై ఐదేళ్ళ మనిషి, గుడి ఉత్సవాల్లో, పెళ్ళిళ్ళలో బేస్ వాయిస్తాడు. ఇన్నేళ్ళలో ఆమె చేసినవాటిలో ఇదే మేలైనది. ఆ సంగతి ఆమెకు తెలుసు. వారం కిందట మొగుడికి అన్నం వడ్డిస్తూ, ఈ ఒక్కదాని మీద నా పేరు వేద్దామని అడిగింది. లోకనాథం ముద్ద గొంతుకు అడ్డం పడేంత నవ్వాడు.

“సుగంధి అని వేస్తే ఎవురు కొంటారే? అగరుబత్తి పేరు మాదిరి ఉండాది.”

ఆమె మజ్జిగ పోసింది. అడగడం మాత్రం మానుకోకూడదనుకుంది.

పూజ నాటి పొద్దున తిరుమలమ్మ కొట్టులోని పనిముట్లన్నీ కడిగించి వరసగా పేర్పించింది. ఇత్తడి ముద్రను కూడా ఆ వరసలోనే పెట్టి గుడ్డ కప్పేసింది. మర్నాడు విజయదశమి పూజ ఎత్తేదాకా ఏదీ ముట్టుకోకూడదు. కత్తి, గరిటె, అట్లకాడ కూడా పెట్టేదా అని సుగంధి ఆశగా అడిగింది. పెడితే వంట తప్పుతుందని ఆమె ఆశ.

“అవన్నీ ఆయుధాలా? వాటిని గూడా పెడితే కూడు యాడనుంచి వస్తాది?” అంది అత్త.

కేశవన్ గిటార్ మాత్రం సరుకు కనుక, మధ్యాహ్నం ఇచ్చేయవచ్చని తీర్పు చెప్పింది. అందుకని లోకనాథం దాన్ని పూజలో పెళ్ళికొడుకులా నడిమధ్య నిలబెట్టి స్వయంగా అలంకరించాడు.

పన్నెండింటికి కేశవన్ వచ్చాడు. చిన్న స్పీకర్ కూడా తెచ్చుకున్నాడు. గిటార్‌కి కేబుల్ గుచ్చబోతే దూరలేదు. నొక్కినా దూరలేదు.

లోకనాథం తడుముకోకుండా, “సామి ముందర పెట్టింది కదా తమ్ముడూ, కొంచేపు శాంతిగా ఉంటాది. తరువాత మాట్లాడతాది” అన్నాడు.

అయిదింటికి స్టేజీ ఎక్కాలి, విప్పి చూడమని కేశవన్ బతిమాలాడు. ఈ పొద్దు పనిముట్టు ముడితే సామి కుత్తం, దేవుడికి అపచారమని, లేకుంటే చిటికెలో చేసేవాణ్ణని లోకనాథం అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆచారం మీద అతనికి అంత ప్రేమ పుట్టింది అప్పుడే.

సుగంధి కొబ్బరి కోరు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. కేబుల్ పెట్టే రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

“దీంట్లో అగరుబత్తి గుచ్చింది ఎవురు?”

లోకనాథం తల్లివైపు చూశాడు. తల్లి దేవుడివైపు చూసింది.

“బొక్క ఉండాది కదా అని గుచ్చినా. నిలబెట్టేదానికి బాగుండాది” అన్నాడు లోకనాథం.

“పదకొండేండ్లుగా అది దేనికో మీకు తెలీదా?”

కేశవన్ లోకనాథం ముఖాన్ని మొదటిసారి సరిగ్గా చూశాడు.

సుగంధి గిటార్‌ని వంటింటి గట్టు మీద బోర్లా పడుకోబెట్టింది. కూరగాయల కత్తి మొనతో వెనక పలక మరలు విప్పింది. జడపిన్నుతో విరిగిన అగరుబత్తి పుల్లను బయటికి నెట్టింది. కరోనా నాటి శానిటైజర్ సీసా అటక మీద ఇంకా ఉంది. దీపం వత్తి దాంట్లో ముంచి బూడిదంతా తుడిచింది. తిరుమలమ్మ గడపలో నిలబడి సామి కుత్తం, సామి కుత్తం అంటూనే ఉంది.

“అత్తా, ఇవి ఆయుధాలు కావని పొద్దన నువ్వే చెప్పినావు గదా” అంది సుగంధి, తలెత్తకుండా.

కేశవన్ వాయించాడు. లావు తీగ ఒక్కసారి కదిలిందో లేదో, అటక మీది గంగాళం వంత పాడింది. కేశవన్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక, ఇంత తెలిశాక కూడా, అలవాటు కొద్దీ ఏమన్నాడో తెలుసా? అన్నా, ఒక ఫోటో తీసుకుందాం అన్నాడు. లోకనాథం తువ్వాలు సర్దుకుని, గిటార్‌ని చేట పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు చూశాడు కేశవన్, గిటార్ తల మీద పేరు లేదు. ముద్ర కోసం వార్నీష్ పూయకుండా వదిలిన చోటు బోసిగా ఉంది.

ముద్ర పట్టుగుడ్డ కింద ఉంది. పూజ సందడిలో వేయడం మరిచిపోయానని, రేపు తెస్తే వేస్తానని లోకనాథం నసిగాడు. సుగంధి వంకాయలు కాల్చే ఇనుప ఊచను గ్యాస్ మంట మీద పెట్టి, గిటార్‌ని మొగుడి చేతుల్లోంచి తీసుకుంది.

“మగోడు ఉండంగా ఆడదాని పేరేందే?” అని లోకనాథం తల్లి మద్దతు కోసం చూశాడు.

తిరుమలమ్మ పొయ్యి దగ్గరికి వచ్చింది. గ్యాస్ ఆపుతుందనుకున్నారు. ఆమె మంట పెంచింది.

“ఊచ ఎర్రగా కాలాల. నలభై ఏండ్లు నేను కండెలు చుట్టినా. చీర మీ నాయన నేసినాడనే అనిరి అందురూ.”

సుగంధి ఒక్కో అక్షరం కాల్చింది. అక్షరాలు వంకరగా వచ్చాయి, సున్నా కోడిగుడ్డులా వచ్చింది. కేశవన్ ఈసారి ఎవరూ చెప్పకుండానే ఫోటో ఆమెను తీశాడు.

లోకనాథం కాసేపు చూసి, పెద్దమనసు చేసుకుని, “పోనీలే, ఒక్కదానికే కదా” అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సుగంధి ఊచను నీళ్ళలో ముంచింది. గిటార్‌ని కేశవన్‌కి ఇచ్చి, మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఒక్కటి కాదు. ఇది ముప్పై తొమ్మిదోది. ముందర పోయిన ముప్పై ఎనిమిదీ నావే. ఫోను తీయండి. దానికి బొట్టు పెట్టలా, ముట్టుకుంటే కుత్తం లేదు, పొద్దన్నుంచి చూస్తానే ఉండారు. మొదటిది కొన్న ఆరంబాక్కం రాజమాణిక్యానికి కొట్టండి. స్పీకర్ పెట్టండి. నీ గిటార్ చేసింది నేను కాదు, సుగంధి చేసిందని చెప్పండి. తరువాత పెరియపాళయం చెంగయ్యకు. ముప్పై ఎనిమిది మందికీ చెప్పినాకనే మీకు అన్నానికి ఆకు వేస్తా. ఊఁ, కొట్టండి.”