మబ్బు పడితే ఎక్కువ

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: భీమవరం వెళ్లే రోడ్డు పక్కన రొయ్యల మేత కొట్టు, వెనక ఒక గోడౌను, గోడౌన్లో బస్తాలు కొరికే పందికొక్కులు, కొట్టు మెట్ల మీద కాలు కుళ్లిన కుక్క ఒకటి. మొదటి రెండూ నేను సంపాదించుకున్నవి. తక్కిన రెండూ వాటంతటవే వచ్చాయి.

నేను జాలిపడే రకం కాను. మేత ఉన్నచోట విషం పెట్టకూడదు. ఒక్క పలుకు బస్తాలో పడితే ఎవరి చెరువులోనో రొయ్య చచ్చి తేలుతుంది. బోను పెడితే ఒకటి పడుతుంది, మిగతావి దాని చుట్టూ తిరిగి పోతాయి. నాకు కావలసింది పరిగెత్తే కుక్క. వచ్చినదానికి ముందుకాలు పాదం దగ్గర పచ్చిపుండు, పుండు నిండా పురుగులు. అయినా ఎముకలు గట్టివి, ఛాతీ వెడల్పు. పాడైన సరుకును చూసి ఎంతవరకు పనికొస్తుందో చెప్పడం నా వృత్తి. ఇది పనికొస్తుందనిపించింది.

అది ఎవరిదో నాకు తెలుసు. పెదబాబుగారి చెరువుకు కాపలా ఉండే జయపాల్‌ది. పేరు సంసోను. జయపాల్ అంతకు కొద్దిరోజుల ముందే ఆ చెరువులో శవమై తేలాడు. తాగి పడ్డాడని పెదబాబు అన్నాడు, ఊరు తలూపింది. ఒప్పుకోనిది అతని భార్య వినీల ఒక్కతే. బాప్తిస్మం తీసుకున్నాక ఆయన చుక్క ముట్టలేదని కనబడినవాళ్లందరికీ చెప్పేది. చెప్పి, మళ్లీ ఆ చెరువు గట్టు మీది షెడ్డుకే వెళ్లేది. మొగుడి పని ఇప్పుడు ఆమెదే. మేత చల్లాలి, ఏరియేటర్లు చూసుకోవాలి. నీళ్లను చిలికి రొయ్యకు గాలి అందించే రెక్కల మోటార్లవి. అవి ఆగితే రొయ్య బతకదు.

మేతకు వచ్చినప్పుడు ఆమెను అడిగాను.

"నీ కుక్కకి నయం చేస్తే నాకు వదిలేస్తావా అమ్మా?"

"ఉంచుకోండి బాబుగారూ, ఉంటే. ఆయన పోయిన కాణ్ణించి నా మాటే వినట్లేదది. ఎవరి మాటో వింటున్నట్టు తలెత్తి కూర్చుంటాది."

పశువుల డాక్టరు ఇంజెక్షన్ చేసి, పుండు పైకి పాకితే కాలు తీసెయ్యాలన్నాడు. మూడు కాళ్ల కుక్క పందికొక్కును పట్టలేదు. అందుకని చిట్టియ్య మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన రిటైరయ్యాక ఇంటి అరుగు మీద హోమియో మందులిస్తున్నారు. మనుషులకూ గేదెలకూ ఒకటే చెక్కపెట్టె.

"ఏం తగిలింది?" అన్నారు.

"బైకు తగిలుంటుందండి."

"చూశావా?"

"లేదండి."

"మరి ఉంటుందంటావేం? సరే. నొప్పి ఎప్పుడు ఎక్కువవుతోంది? ఎండలోనా, చల్లటప్పుడా? ఏ పక్కకి పడుకుంటోంది? నీళ్లు చూస్తే ఏం చేస్తోంది?"

"కుక్కనడిగి చెప్పమంటారా మాస్టారూ?"

"నీ కొట్లో గుమాస్తా ఒక బస్తా పక్కన పెడితే వాడు చెప్పకుండానే కనిపెడతావు కదయ్యా! అలాగే చూడు. లక్షణం చెప్పకపోతే నేను మందు వెయ్యలేను."

దెబ్బకని ఆర్నికా, నరం నొప్పికని హైపరికం, పుండు కడగడానికి కాలెండులా ఇచ్చారు. పురుగులకు మాత్రం సీతాఫలం ఆకు నూరి కట్టమన్నారు.

ఆ పని మా ఆవిడ నాగదుర్గ చేసింది. కుక్క మూతికి తువ్వాలు చుట్టి నేను పట్టుకుంటే, తను ఆకు ముద్ద పుండులోకి నొక్కింది. పురుగులు ఒక్కొక్కటే బయటికి రాలాయి. అవి పోయాక రోజూ గడ్డి చామంతి ఆకు పిండి పసరు పోసి, పైన పసుపు అద్దేది.

"నాకు జొరమొస్తే ఇంత చేశారా ఎప్పుడైనా?" అంది.

"నువ్వు పందికొక్కుల్ని పడతావా?" అన్నాను.

పుండు అంచులు దగ్గరకు వచ్చాయి. లోపల ఎర్రటి కండ కట్టింది. పెట్టుబడి కలిసివచ్చిందనుకున్నాను.

మాస్టారు చూడమన్నారు కాబట్టి చూస్తున్నాను. చూస్తున్నకొద్దీ కొన్ని నచ్చలేదు. గోడౌన్లో నడిచేటప్పుడు సంసోను గోడకు రాసుకుంటూ నడిచేది. నాకూ దానికీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలేది. నేను ఆ చోటులోకి జరిగితే ఆగిపోయి, నన్ను కాక నా భుజం పక్కకు చూసేది. కొంతదూరం నడిచి నిలబడేది. ఎవరో వంగి ఏదో చూసి లేచేదాకా కాచుకున్నట్టు నిలబడి, మళ్లీ కదిలేది. అక్కడ చూడ్డానికి బస్తాలు తప్ప ఏమీ లేవు.

మబ్బు పట్టిన రోజుల్లో ఇంకో రకం. ఆకాశం ఇంకా తేటగా ఉండగానే లేచేది. తగ్గుతున్న కాలిని పైకెత్తి, తూర్పుకు తిరిగి, గొంతు సన్నగా చేసి ఏడ్చేది. ఆ తర్వాతే మబ్బు వచ్చేది. మబ్బు ఉన్నంతసేపూ కాలు కింద పెట్టేది కాదు. ఆ ఏడుపు వింటే, మేతకు వచ్చిన రైతులు మాట మధ్యలో ఆపి బయటికి చూసేవారు.

"హోమియో కదండీ, రోగాన్ని ముందు పైకి లాగుద్ది," అన్నాడు ఒకాయన.

"ఆయ్, మా అత్తగారికీ అంతేనండి. ఉబ్బసానికి వేస్తే ముందు రెట్టింపయ్యింది. తర్వాతే తగ్గింది," అన్నాడు ఇంకొకాయన.

మా వైపు ఇది అందరికీ తెలిసిన సంగతే. హోమియో పనిచేస్తోందంటే ముందు బాధ పెరగాలి. పెరిగిందంటే మందు పట్టిందని లెక్క. నేనూ ఆ లెక్కే వేసుకున్నాను. మాస్టారికి కూడా సంతోషంగానే చెప్పాను, మబ్బు పడితే ఎక్కువ అని.

ఆయన రాసుకుని, "ఒంటరిగా ఉంటే ఎక్కువా, తోడుంటే ఎక్కువా?" అని అడిగారు.

"అది ఒంటరిగా ఉన్నట్టు నాకెప్పుడూ కనబడలేదండి," అన్నాను.

మాస్టారు కలం ఆపి నా వైపు చూశారు. పొట్లం కట్టి ఇచ్చారు.

అల్పపీడనమని రేడియోలో చెప్పిన రోజు పొద్దున్నే సంసోను తాడు తెంపుకుంది. ఏడవలేదు. మూడు కాళ్ల మీద ఎగురుతూ, రోడ్డు దాటి తూర్పు కాలవ గట్టు పట్టింది. నాకు మండింది. ఇంత చేసిన సరుకు చెయ్యి దాటిపోతోంది. బండి తీసి దాని వెనక పోకుండా ముందు మాస్టారింటికి పోయాను, నాలుగు మాటలు అడగాలని.

"ఏం మందండీ ఇది? పైకి లాగడానికి హద్దుండక్కర్లేదా? కుక్క పిచ్చెక్కినట్టు పారిపోయింది!"

ఆయన అరుగు మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. చెయ్యి కంచంలోనే ఉంచి అన్నారు:

"నేను మందాపి చాలా రోజులైందయ్యా. మొదటి మోతాదు పట్టాక నేను కదపను. నువ్వు ఆ తర్వాత పట్టుకెళ్లినవన్నీ ఉత్త పంచదార గోళీలు. వాటికి లాగే శక్తి లేదు."

"మరి ఏం లాగుతోందండీ దాన్ని?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను. ఎప్పుడెక్కువన్నావు?"

"మబ్బు పడితే."

"మబ్బు పడితే మీ చెరువుల దగ్గర ఏం జరుగుద్ది?"

మేత వ్యాపారిని, అది నాకు ఆయన చెప్పాలా? మబ్బు పడితే నీళ్లలో గాలి తగ్గుతుంది. పగలైనా సరే ఏరియేటర్లన్నీ తిప్పాలి. తూర్పున, కాలవకు అవతల, అది ఏడ్చిన వైపున ఉన్నది పెదబాబు చెరువు. మాస్టారికి చెప్పకుండానే బండెక్కాను.

గట్టు మీదికి వెళ్లేసరికి ఆకాశం బూడిదరంగు, నీళ్లూ అదే రంగు. పక్షులు వాలకుండా చెరువు మీద కట్టిన తాళ్లు గాలి లేకపోయినా కొద్దిగా ఊగుతున్నాయి. ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయి. దూరంగా గట్టు మీద సంసోను నడుస్తోంది, అంచుకు జరిగి, పక్కన చోటు వదిలి. ఒక ఏరియేటరు దగ్గర ఆగింది. తలెత్తి కాచుకుంది. కదిలింది. తర్వాతదాని దగ్గర ఆగింది. జయపాల్ కాపలా తిరిగే వరస అది. నేను ఎన్నోసార్లు చూసినదే.

మూల ఏరియేటరు రెక్కల్లో నాచు చుట్టుకుని మోటారు మూలుగుతోంది. దాని ఎదురుగా వినీల, చీర కుచ్చిళ్లు ఎగదోపి, గెడకర్ర పక్కన పడేసి, నీళ్లలోకి దిగడానికి ఒక కాలు చాచింది. కుక్క ఇంకా చాలా ఇవతలే ఉంది. అది నిలబడిపోయి కాలు పైకెత్తింది. జయపాల్ పోయింది తాగి కాదు, ఆ నీళ్లలోని కరెంటుకేమోనని నాకప్పుడు తట్టింది.

"దిగకమ్మా!" అని అరిచాను. మోటార్ల చప్పుడులో నా అరుపు నాకే వినబడలేదు.

షెడ్డు నాకు దగ్గర. పరిగెత్తి మెయిన్ స్విచ్ కిందికి లాగాను. ఏరియేటర్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగాయి. అంత చప్పుడు ఆగాక చెరువు చెవి దగ్గరకు వచ్చి నిలబడ్డట్టనిపించింది.

వినీల గట్టు మీదే ఉంది. చాచిన కాలు వెనక్కి తీసుకుని, తన కుడి మోచెయ్యి పట్టుకుని చూసుకుంటోంది. నేను దగ్గరికి వెళ్లేసరికి గిర్రున తిరిగింది.

"మీరక్కడున్నారేంటండి?" అంది.

"ఎక్కడుండాలి?"

"మరి నా చెయ్యి పట్టుకు లాగిందెవరండి? మీరేననుకున్నాను."

సంసోను కుంటుతూ వచ్చి మా మధ్య కూర్చుంది. ఆమె కుడిపక్కన, ఎవరూ లేని చోటుకు తల ఎత్తి, తోక నేలమీద కొట్టింది.

ఇంతలో పెదబాబు బండి మీద వచ్చాడు.

"కరెంటు తీసిందెవరు? త్రిమూర్తులుగారూ, నా రొయ్య తేలితే మీరిస్తారా?"

"ముందు కరెంటు పనివాణ్ణి పిలిపించండి. తర్వాత రొయ్య సంగతి."

"మోటారు ఆపొద్దని నేనే చెప్పానండి దానికి. నాచు తియ్యడం ఎంతసేపు?"

"జయపాల్‌కి కూడా అదే చెప్పారా?"

పెదబాబు ఫోను తీసి కరెంటు పనివాణ్ణి పిలిచాడు.

పనివాడు వచ్చి మళ్లీ కరెంటిచ్చి, గట్టు మీద నుంచే పొడవాటి గెడకు టెస్టు దీపం వైరు కట్టి మూల ఏరియేటరు ఇనప చట్రానికి ఆనించాడు. దీపం వెలిగింది. అందరం చూశాం. ఆపి లాగి చూస్తే నీళ్లలో మునిగిన కేబుల్‌కు అతుకు. అతుకుకు చుట్టింది చిరిగిన మేత బస్తా పీలిక. దాని మీద నా కొట్టు ముద్ర సగం ఇంకా కనబడుతోంది.

పనివాడు కుక్క కాలు తిప్పి చూశాడు. మానిన పుండు మధ్య గుండ్రంగా తెల్లటి మచ్చ. "బైకు కాదండి. కరెంటు కాల్చిన గుర్తిది. ఆయన వెనకే ఇదీ దిగుంటాది," అన్నాడు.

వినీల కుక్క తల ఒళ్లో పెట్టుకుని, "తాగి పడ్డాడన్నారు కదండీ," అంది. పెదబాబు వైపు చూసి అనలేదు. నీళ్ల వైపు చూసి అంది.

ఆ వారం పెదబాబు మేతకు మనిషిని పంపాడు. నా దగ్గర అరువు మీద తీసుకునేవాడు, చుట్టుపక్కల ఇంకెవరూ అరువివ్వరు. జయపాల్ మీద వేసిన మాట, వేసినంత గట్టిగా వెనక్కి తీసుకుంటే తప్ప బస్తా కదలదని చెప్పి పంపాను. కేబుళ్లన్నీ కొత్తవి వెయ్యాలనీ చెప్పాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నిలబడి చెప్పాడు: జయపాల్ తాగలేదని, తప్పు తన కేబుల్‌దని. వినీల విని, బైబిలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. సోమవారం మేత పంపాను.

ఇక మిగిలింది లెక్క. గోడౌన్లో పందికొక్కులు అలాగే ఉన్నాయి. కుక్క నాకు దక్కలేదు. గట్టు వదలి రాదు, నేనూ పిలవను. కాలు మాత్రం పూర్తిగా నయమైంది. మబ్బు పట్టినా ఏడవదు. మాస్టారు ఆ సంగతి రాసుకుని, ఏ మందు ఖాతాలో వెయ్యాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశారు. వినీల బతికి ఉంది.

మేత దింపడానికి వెళ్లినప్పుడు ఆ గట్టు మీద సంసోనుతో పాటు కొంతదూరం నడుస్తాను. అది ఒక అంచున, నేను ఒక అంచున. మధ్యలో చోటు వదలమని నాకెవరూ చెప్పలేదు.