బిగించిన బల్ల

ఇంటి వేలంపాట మాస్టారి పేర ఖాయమయ్యాక ఆయన దగ్గరికి వచ్చింది ఒకే ఒక్క మనిషి. బ్యాంకు గదిలో వెనక వరసలోంచి లేచి వచ్చి, "పొద్దున్నే పంపు తిప్పితే తుప్పునీళ్ళొస్తాయి సార్. కాసేపు వదిలేస్తే తేటబడతాయి," అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అప్పు తీర్చలేక ఆ ఇల్లు పోగొట్టుకున్న వడ్రంగి అతనేనని గుమాస్తా తర్వాత చెప్పాడు. ఆ పూట మాస్టారికి అన్నం సహించలేదు.

తాళాలు చేతికొచ్చాక ఒక్కరే వెళ్ళి చూశారు. ఎవరో ఇల్లంతా శుభ్రంగా ఊడ్చి, తడిబట్ట పెట్టి మరీ వెళ్ళారు. వంటగది గట్టు బాగా కిందికి ఉంది. మాస్టారి భార్య పొట్టి మనిషి. ఎన్ని అద్దె ఇళ్ళు మారినా ప్రతి గట్టూ ఆమెకు ఎత్తే, పీట వేసుకుని నిలబడి వండేది. "సొంతిల్లంటూ కొంటే గట్టు నా కొలతకి కట్టించండి. మీరు వంగి గిన్నెలు కడుగుదురుగాని," అనేది. ఆమె పోయాక, ఆమె కొలత గట్టు ఇప్పటికి దొరికింది. మాస్టారు దాని మీద అరచెయ్యి ఆనించారు.

పెరట్లో రేకుల షెడ్డు. అందులో నేలకు బోల్టులతో బిగించిన వడ్రంగి పనిబల్ల. అంచులు చేతులు ఆని ఆని నున్నబడ్డాయి. అది లేకుండా ఆ మనిషి పనెలా చేస్తున్నాడో మాస్టారికి అర్థం కాలేదు.

సామాను చేర్చుకున్నాక, గుమాస్తాని అడిగి చిరునామా పట్టుకుని వెళ్ళారు. ఒంటిగది వాటా. వడ్రంగి గుమ్మం ముందు నేలమీద కూర్చుని, చెక్కను పాదాలతో అదిమిపెట్టి రంపంతో కోస్తున్నాడు.

"బల్ల మర్చిపోయావు బాబూ."

"మర్చిపోలేదు సార్. బిగించింది ఇంటిదే. బ్యాంకువాళ్ళు కూడా ఉన్నదున్నట్టుగా అనే కదా అమ్మారు."

లోపలినుంచి అతని భార్య వచ్చింది. ఆ గట్టుకు సరిగ్గా సరిపోయే మనిషి. "మీరైనా చెప్పండి బాబాయిగారూ. డబ్బులెగ్గొట్టినవాళ్ళింట్లో కూడా, బిగించిన తలుపు విప్పి తెచ్చుకోడీయన. నన్ను కూడా ఆ ఇంటికే బిగించి రాలేదు, అదే సంతోషం."

"నువ్వూరుకో," అన్నాడు వడ్రంగి.

"సరే, ఇంటిదే. ఇల్లు నాది కాబట్టి బల్లా నాదే. నాకది అడ్డం. నా బట్టలారేసుకోవాలి," అన్నారు మాస్టారు.

"ఒక్కరి బట్టలకి షెడ్డంతా కావాలా?" అందామె.

వడ్రంగి రంపం పక్కన పెట్టాడు. "ఊరికే తీసుకోను సార్."

"ఊరికే ఎవరిచ్చారు? నా దగ్గరో పీట ఉంది, కాలు ఊగుతోంది. బాగుచేసి పెట్టు."

"పీటకి బదులు బల్లా? ఇదేం బేరం సార్?"

"అది మా ఆవిడ పీట."

వడ్రంగి ఒళ్ళో పడ్డ రంపప్పొట్టు దులుపుకున్నాడు. "ఆవిడ..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "రేప్పొద్దున్నే వస్తాను," అన్నాడు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ తోపుడుబండితో వచ్చారు. బోల్టులు విప్పే ముందు, పీటను ఆ బల్లమీదే పెట్టి కాలు సరిచేశాడు. అరిగిన అంచునూ చిత్రిక పట్టి సమం చేయబోయాడు గాని, మాస్టారు వద్దన్నారు. ఆవిడ పాదాలకు అరిగిన అంచు అది. ఈలోపు అతని భార్య అలవాటుగా పొయ్యి ముందు నిలబడి, బిందెలో నీళ్ళతో టీ పెట్టేసి, ఉలిక్కిపడి, "అయ్యో, అడగనేలేదు," అంది. "అడిగితే ఆలస్యమయ్యేది," అన్నారు మాస్టారు.

వెళ్ళబోతూ వడ్రంగి నేలలోని బోల్టు కంతలు సిమెంటుతో పూడ్చాడు. "గట్టు కూడా ఎత్తు చేసి పెడతాను సార్. మీకు నడుం పట్టేస్తుంది."

"పట్టనీ," అన్నారాయన.

బండి మలుపు తిరిగింది. మాస్టారు లోపలికొచ్చి పంపు తిప్పారు. తుప్పునీళ్ళు వచ్చాయి. పీటమీద కూర్చుని, తేటబడేదాకా చూశారు. తర్వాత లేచి, నడుం వంచి, మూడు టీ గ్లాసులూ కడిగారు.